బస్సు తప్పించే ఇల్లు

తూములపేట,
20 జూన్ 1960.

శేషూ,

చేరాను. ట్రంకుపెట్టె, పరుపుచుట్ట, నువ్విచ్చిన రొయ్యపొట్టు కారం సీసా అన్నీ చేరాయి. నడుము మాత్రం ఇంకా నెల్లూరికీ మీ ఊరికీ మధ్య బస్సులోనే ఉన్నట్టుంది.

ఆ బస్సు సంగతి నాకెప్పుడూ చెప్పలేదేం? ఒకచోట డ్రైవరు దిగి బావి దగ్గర తీరిగ్గా ముఖం కడుక్కున్నాడు. ఇంకోచోట ఎవరో పెద్దమనిషి భోంచేస్తున్నాడు, వస్తాడు అంటే ఆయన పెరుగన్నం తినేదాకా అందరం కూర్చున్నాం. ఆయన ఎక్కాక ఎవరైనా కోప్పడతారేమో అని చూశాను. ఒక్కరూ ఏమీ అనలేదు సరిగదా, "కూరేంది?" అని అడిగారు.

మీ ఊరు నాకు నచ్చింది. సముద్రం లేకపోవడం ఒక్కటే లోటు, అది మీవాళ్ళ తప్పు కాదు. నిన్న పొద్దు తిరిగాక అరుగు మీద తూర్పుముఖంగా కూర్చుని, చొక్కా గుండీలు తీసి గాలి కోసం కాచుకున్నాను. మన అల్లూరులో ఆ వేళకి సముద్రపుగాలి వచ్చి తీరుతుందిగా. ఎంతకీ రాదు. పక్కనున్న పెద్దాయన్ని గాలి ఎప్పుడొస్తుందండీ అని అడిగాను. "యే గాలి నాయనా?" అన్నాడు. "పొద్దున కొండ మీంచి కొంచెం దిగతాది. అది కూడా దాని ఇష్టం, మాకేం రాసియ్యలేదు." అప్పటినుంచి వీధిలో నన్ను చూసినవాళ్ళంతా గాలొచ్చిందా అని పలకరిస్తున్నారు.

పని మొదలైంది. నేను ముందు నడుస్తాను, మా ఆదెయ్య పంపు భుజాన వేసుకుని వెనక వస్తాడు. ఇంటింటికీ పోయి సామాను బయట పెట్టించి గోడలకి దోమల మందు కొట్టాలి. ఒక అవ్వ తనకి దోమలతో ఏ పేచీ లేదంది, నల్లులకైతే కొట్టు, లేకపోతే గడప తొక్కొద్దంది. ఇంకొకాయన మందు కొట్టించుకుని, వాసన బాగుంది, రేపు మా పశువుల కొట్టానికి కూడా రమ్మన్నాడు.

బస ఒక పెద్దావిడ ఇంట్లో దొరికింది. వచ్చేపోయేవాళ్ళకి రెండు గదులు బాడుగకిస్తుంది, అన్నం కూడా పెడుతుంది. వంట అమృతం. కానీ ఒక చిక్కుంది. ఎవరు గడప దాటబోయినా సరిగ్గా అదే క్షణంలో లోపల్నుంచి వచ్చి, "యాడికి?" అని అడుగుతుంది. బయలుదేరే మనిషిని అలా అడగకూడదని చిన్నపిల్లలకి కూడా తెలుసుగా. ఇంకేం చేస్తాం? వెనక్కి వచ్చి, కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ లేవాలి. ఈలోగా బస్సు పోతుంది. ఊళ్ళో ఈ ఇంటికి బస్సు తప్పించే ఇల్లని పేరు.

పక్క గదిలో హెబ్రోను అని కుట్టుమిషన్ల ఏజెంటు ఉన్నాడు. నాలుగేళ్ళుగా ఏడాదికి మూడుసార్లు వచ్చి ఇక్కడే దిగుతాడట. తనకి ఇలాంటి పట్టింపులు లేవంటూనే, ఆమె అడిగిన పూట ఒక్క మిషనూ అమ్ముడుపోదని పొద్దున్నే పెరటి గోడ దూకి పోతాడు. సాయంత్రం అరుగు మీద గచ్చులో గీసిన గళ్ళ మీద ఇద్దరం పులి మేక ఆడుకుంటాం. ఇప్పటికి నా మేకలన్నీ ఆయన పులులే తిన్నాయి.

నువ్వు ఒట్టు వేయించుకున్నట్టే మీ అమ్మగారి జోలికి పోలేదు. నిశ్చింతగా ఉండు.

గాలి కోసం మొహం వాచిన
నీ కామాక్షయ్య


అల్లూరు,
27 జూన్ 1960.

దోమల దొరగారికి,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వుకుంటూ, రెండోసారి పళ్ళు నూరుకుంటూ.

అరుగు మీద గచ్చులో పులి మేక గళ్ళున్న ఇల్లు తూములపేటలో ఒక్కటే ఉంది. గచ్చు పచ్చిగా ఉండగా మేకుతో అవి గీసింది నేను. ఎడమవైపు గీత వంకరగా పోయుంటుంది చూడండి. అక్కడికి వచ్చేసరికి అమ్మ నా చెవి పట్టుకుంది. మా అమ్మ ఇంట్లో దిగి, మా అమ్మ చేతి అన్నం తింటూ, మా అమ్మ జోలికి పోలేదని నాకే రాస్తారా?

మనం నెల్లూరులో రిజిస్టరు పెళ్ళి చేసుకున్నాక నేనామెకి ఎన్ని ఉత్తరాలు రాశానో మీకు తెలుసు. ఒక్కదానికీ జవాబు లేదు. చేపలు పట్టేవాళ్ళింట్లో పడిందని ఊరంతా ఆమె ముందు అనే ఉంటారు. మిమ్మల్ని గుర్తుపట్టి అందరిముందూ ఒక మాట అంటే నేను తట్టుకోలేను. మీరు తట్టుకుంటారు, నాకు తెలుసు. నా సంగతే చెప్తున్నాను.

ఇంకోటి. మీరు రాసింది నిజమేనా? మా అమ్మ గడప దాటేవాళ్ళని అలా అడుగుతుందా? నా చిన్నప్పుడు మా నాన్న చేనికి బయలుదేరుతుంటే యాడికి నాయనా అన్నానని వీపు మీద ఒకటి వేసింది. "దూరమా అనాల. అట్లడిగితే పొయ్యే పనికి అడ్డం" అని నేర్పింది ఆమే. నేను ఇల్లు వదిలి వచ్చిన రోజు కూడా దూరమా అనే అంది. మీరు వేరే ఎవరి గురించో రాశారేమో అని ఒక్క నిమిషం సంతోషించాను కూడా.

ఎలా ఉంది? అదే, ఇంటావిడ. మోకాళ్ళ నొప్పి ఉండేది. అడగడం లేదు, ఊరికే రాస్తున్నాను.

కోపంగా ఉన్న
శేషు


తూములపేట,
4 జూలై 1960.

శేషూ,

దొరికిపోయాను. కొట్టేది ఉంటే వచ్చాక కొట్టు, ముందు వినిపించుకో.

బస్సు దిగి జట్కావాడిని బస ఎక్కడ దొరుకుతుందని అడిగితే తిన్నగా ఇక్కడికి తెచ్చాడు. ఊళ్ళో బస ఇచ్చే ఇల్లు ఇదొక్కటేనట. పెద్దావిడ తలుపు తీసింది. నీ ముక్కు, నీ చుబుకం, నీ చూపు! "ఏం పేరు నాయనా?" అంది. జయకుమార్, నెల్లూరు అన్నాను. జయకుమార్ మా ఆఫీసులో టైపిస్టు. ఆ క్షణంలో అతనే ఎందుకు గుర్తొచ్చాడో ఆ దేవుడికే తెలియాలి.

ఆ పేరుతో నా పాట్లు చూడాలి. ఆమె జయకుమారూ అని పిలిస్తే ఎవరినో అనుకుని కూర్చుంటాను. హెబ్రోనుకి ఆ పేరు వినగానే ప్రాణం లేచొచ్చింది, నన్నూ క్రైస్తవుణ్ణనుకుని మీది ఏ మిషను అన్నాడు. నేను దోమల మిషను అనుకుని ప్రభుత్వానిదే అన్నాను. ఆయన నా ఆత్మ గురించి చాలా బాధపడి, ఆదివారం ప్రార్థనకి పట్టుకుపోయాడు. పాటలు బాగున్నాయి.

మీ అమ్మగారు నన్ను తిడతారని భయపడ్డావుగా, ఆ ముచ్చట కూడా తీరింది. మొన్న అన్నం వడ్డిస్తూ తనే మొదలుపెట్టింది. "నాకొక కూతురు ఉండాది. చదివిస్తే టీచరైంది. ఎవురో సముద్రపొడ్డువాణ్ణి చేసుకోని పొయ్యింది. వానికి వలెయ్యడం తప్ప ఇంకేం వచ్చో ఏమో! పిల్లకి తిండి పెడతా ఉండాడో లేదో! నువ్వు చెప్పు జయకుమారూ, అట్టాంటోణ్ణి ఏమనాల?" నేను తలవంచుకుని, అనాల్సిందేనమ్మా అన్నాను. "గెట్టిగా చెప్పు" అంది. దగుల్బాజీ వెధవమ్మా అన్నాను. ఎందుకో చాలా తృప్తిపడి ఇంకో గరిటె నెయ్యి వేసింది.

మోకాళ్ళు నొప్పే, మెట్లు ఒక్కొక్కటే దిగుతుంది. మనిషి సన్నబడలేదు. గొంతు కూడా సన్నబడలేదు. నిన్న నా అన్నంలో రొయ్యపొట్టు కారం కలుపుకుంటుంటే అదేంది అని అడిగింది. మా ఆవిడ చేసింది, రుచి చూడండి అని ఒక చెంచా ఇచ్చాను. నాలిక మీద వేసుకుని నెమ్మదిగా చప్పరించింది. తర్వాత "మెంతులు ఇంకా రవంత నల్లగా ఏగాల" అని, సీసా తీసుకుపోయి తన అలమరలో పెట్టుకుంది. ఇప్పుడు రోజూ నా కారం నాకే కొలిచి వేస్తుంది.

కాబట్టి గుట్టు భద్రంగా ఉంది. నేను ఇలాంటి పనులకి పుట్టానని అనిపిస్తోంది.

మీ ఊళ్ళో జయకుమార్,
మన ఊళ్ళో కామాక్షయ్య


అల్లూరు,
11 జూలై 1960.

ఏమండీ,

గుట్టు భద్రంగా ఉందా? మీరు అమాయకులని తెలుసు గానీ ఇంత అని తెలియదు.

రొయ్యపొట్టు కారంలో మెంతులు ఎవరు వేస్తారండీ? మీ అక్కయ్య పోలేరమ్మ వదిన వేస్తుందా? మీ పల్లెలో ఏ ఇంట్లో అయినా చూశారా? నేను మొదటిసారి చేసినప్పుడు అందరూ నవ్వారు, మర్చిపోయారా? కందికారంలో మెంతులు నల్లబడేదాకా వేయించి వేయడం మా అమ్మ పద్ధతి. తూములపేటలో కూడా ఇంకెవరూ వేయరు. నేను దాన్ని తెచ్చి మీ రొయ్యల్లో పెట్టాను. ఇంకా నల్లగా వేగాలి అందంటే అది వంకపెట్టడం కాదు, నాకు చెప్పడం. ఆమెకి తెలిసిపోయింది. మిమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టి, మీ నోటితోనే మిమ్మల్ని తిట్టించింది. నెయ్యి అందుకే.

నవ్వుతూనే మీ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదువుతున్నాను. తెలిసి కూడా వెళ్ళగొట్టలేదు. తెలిసి కూడా నా పేరు ఎత్తలేదు. ఏమనుకోవాలి?

మీకు ఇంకో మాట చెప్పాలి. మీరు బయలుదేరే ముందు చెబుదామనుకుని, నిజమో కాదో అని ఊరుకున్నాను. నిజమే. మూడో నెల. మీ అక్కయ్య అప్పుడే కాన్పుకి మంచం ఎక్కడ వేయాలో చెప్పేస్తోంది, నా చేతుల మీదుగా జరగాలి అంటోంది. మంచి మనిషి, నా మీద ప్రాణం పెడుతుంది. కానీ తొలిచూలు పుట్టింట్లో కదండీ. నాకు మా అమ్మ కావాలి. ఇంత సూటిగా ఎప్పుడూ రాయలేదు, రాసేశాను. ఆమె రమ్మంటే ఎల్లుండే బయలుదేరతాను. రమ్మనకుండా మాత్రం ఆ గడప తొక్కలేను.

ఆమెతో మీరేమీ అనొద్దు. నా మీద ఒట్టు.

శేషు


తూములపేట,
25 జూలై 1960.

నా బంగారు శేషూ,

నీ ఉత్తరం ఆఫీసు దగ్గర చదివి ఆదెయ్యని కౌగిలించుకున్నాను. భుజాన పంపు ఉందని చూసుకోలేదు, ఇద్దరం మందులో తడిశాం. ఈ ఏడాది నా దగ్గరికి ఒక్క దోమ రాదు.

ఒట్టు నిలబెట్టుకున్నాను. దాదాపు. హోటల్లో అందరికీ మైసూరుపాకు పంచాను, హెబ్రోను ఎందుకని అడిగాడు, మా ఆవిడకి మూడో నెల అన్నాను. ఆ మాట నాకంటే ముందే ఇంటికి చేరింది. రాత్రి అన్నం దగ్గర మీ అమ్మగారు, "పుల్లటివి తింటా ఉండాదా, కారమా?" అని ఎటో చూస్తూ అడిగారు. తెలియదన్నాను. "ఏం మొగుడివయ్యా" అన్నారు. ఇంటావిడలు సాధారణంగా అనే మాటే, దాంట్లో నీ అనుమానానికి ఆధారం ఏమీ లేదు.

ఆమెకి తెలియదనడానికి నా దగ్గర రుజువు కూడా ఉంది. బుధవారం సంతకి బుట్ట మోసే మనిషి కావాలంటే నేను వెంట వెళ్ళాను. మీ ఊరి సంత బాగుంటుంది, ఒకవైపు కొండ చీపుళ్ళు, నేరేడుపళ్ళు, ఇంకోవైపు మన వైపు నుంచి వచ్చిన ఎండుచేపలు. ఆ వాసన తగలగానే ఇంటికి పోయినట్టై తిన్నగా అటే నడిచాను. తీరా చూస్తే అమ్మేది మన పల్లె మస్తానమ్మ! "కామాక్షయ్య మామా! నువ్వేంది ఈడ?" అని సంతంతా వినపడేలా కేక పెట్టింది. నేను బెల్లం బస్తాల వెనక్కి దూకి దాక్కున్నాను. మీ అమ్మగారు బేరమాడుతూనే, "ఎవుర్నో పిలస్తా ఉండాది పాపం. పలకరాదా జయకుమారూ?" అన్నారు. ఇంకెవరినో అయుంటుందమ్మా అన్నాను. సరే అని ఎండు సావడాయి చేపలు వీశెడు తీసుకున్నారు. ఆమెకి తెలిసుంటే అంత మామూలుగా బేరమాడేదా? నువ్వే చెప్పు.

ఇక్కడి పని పూర్తయింది. చిల్లకూరు క్యాంపుకి పొమ్మని ఉత్తర్వు వచ్చింది. శనివారం బయలుదేరితే యాడికి అంది, నీళ్ళు తాగాను, బస్సు పోయింది. ఆదివారం అదే. ఈ రోజు గోడ దూకుదామని పెరట్లోకి పోతే హెబ్రోను అప్పటికే గోడ మీదున్నాడు, ఇద్దరం కలిసి దొరికిపోయాం. పై ఆఫీసరు ఆలస్యానికి సంజాయిషీ అడిగాడు. ఇంటావిడ యాడికి అని అడిగింది అని రాస్తే ఉద్యోగం ఉంటుందంటావా?

నీకని ఒక మూట ఇచ్చారు. మీ అల్లూరు వాళ్ళెవరైనా పోతుంటే పంపు అన్నారు. మస్తానమ్మతో పంపుతున్నాను. ఈ ఊరివాళ్ళకి పరాయివాళ్ళ మీద కూడా ఎంత ప్రేమో చూడు.

నీ కామాక్షయ్య


అల్లూరు,
3 ఆగస్టు 1960.

జయకుమార్ గారికి,

మూట అందింది. మీరు ఇంటావిడకి నెల్లూరు మనిషినని చెప్పారు కదా, ఆమెకి అల్లూరు ఎలా తెలిసిందో ఆలోచించారా?

పైన ఎండబెట్టిన చింతచిగురు, కింద నిమ్మకాయ ఊరగాయ. అడుగున మెత్తటి గుడ్డలు, నాలుగు వైపులా అంచు కుట్టినవి. ఒకటి విప్పితే ఆకుపచ్చ మీద పసుపు చుక్కలు. నేను అయిదో తరగతిలో కట్టుకున్న పరికిణీ. రెండోది నేను మొదటిసారి కట్టిన ఓణీ. బిడ్డని పడుకోబెట్టడానికి చింపి కుట్టింది. హెబ్రోను గారి మిషను మీద కుట్టినట్టుంది, కుట్టు చాలా తిన్నగా ఉంది. నేను వదిలి వచ్చిన బట్టలు పారేసి ఉంటుందనుకున్నానండీ. అన్నీ దాచింది.

బడి నుంచి వచ్చి వంట చేయకుండా వాటిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పోలేరమ్మ వదిన వచ్చి చూసి, ఏమిటమ్మా అంటే చెప్పాను. ఆమె ఒక్క గుడ్డ తీసి చెంపకి ఆనించుకుని, "ఇంక నేను మంచం ఎయ్యనులే, మీయమ్మ దగ్గరికి పో" అంది. చెప్పానుగా మంచి మనిషని.

కానీ రమ్మని ఒక్క మాట పంపలేదు. గుడ్డలు పంపింది, మాట పంపలేదు. ఇది నా బిడ్డ కోసమేనా, నా కోసం కూడానా? తెలియకుండా పోతే, గడపలో నిలబడి ఏం మాట్లాడను? అడగండి. ఒట్టు తీసేశాను. అడిగి చెప్పండి.

శేషు


చిల్లకూరు క్యాంపు,
10 ఆగస్టు 1960.

శేషూ,

ఇక్కడ లారీల మోత తప్ప ఏమీ లేదు, రాసుకోవడానికి తీరిక దొరికింది. అంతా వరసగా చెబుతాను, మధ్యలో ఏడవొద్దు.

నీ ఉత్తరం అందేదాకా రోజూ బస్సు తప్పుతూనే ఉంది. అందిన మర్నాడే పెట్టె సర్దుకుని, గోడ వైపు పోకుండా, వీధి గుమ్మంలోంచే బయలుదేరాను. "యాడికి?" అన్నారు. పెట్టె దించి కూర్చున్నాను. చెంబుతో నీళ్ళు తెచ్చారు. తాగి, ధైర్యం చేసి, అమ్మా, అందరినీ ఎందుకలా అడుగుతారు, తప్పని తెలుసుగా అన్నాను.

ఆమె గడప మీద కూర్చున్నారు. మోకాళ్ళు పట్టుకుని కూర్చోవడానికి కొంత సేపు పట్టింది. "నా కూతురు పొయ్యేపొద్దు నెల్లూరికి పొయ్యొస్తా అనింది. మొహం చూస్తే ఏందో ఉండాదనిపించినాది. యాడికే అని నోటిదాకా వచ్చినాది. పద్ధతి కాదని మింగి, దూరమా అన్నా. దగ్గరేమ్మా, సాయంత్రం బస్సుకి వస్తా అనింది. ఆ ఒక్క మాట అడిగుంటే వెనక్కొచ్చి కూర్చోని నీళ్ళు తాగేది. ఆ బస్సు పొయ్యుండేది. నాకేందో చెప్పుకోనుండేది. కొట్టేదాన్నో, తిట్టేదాన్నో, ఒప్పుకొనేదాన్నో! నా ముందర చెప్పుకోనుండేది కదా." అప్పట్నుంచి ఎవరు గడప దాటబోయినా ఆ మాట దానంతటదే వచ్చేస్తోందట.

అమ్మా, నా పేరు జయకుమార్ కాదు అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూశారు. "నీ పెట్టె మీద తెల్లరంగుతో అంతలావు అచ్చరాలు ఉండాయే, కామాక్షయ్య, అల్లూరు అని. నువ్వొచ్చిన సాయంత్రమే హెబ్రోను చదివి చెప్పినాడు. నీ పెళ్ళాం జాబులు చదివి పెట్టేది కూడా ఆయప్పే. నీ పేరు నాకు నాలుగేండ్లుగా నోటికొచ్చు." శేషూ, ఆ పెట్టె మీద పేరు రాసింది నువ్వే. నేను దాన్ని నెత్తిన పెట్టుకుని ఊరంతా తిరిగాను. ఆ సంగతి తెలియనివాణ్ణి తూములపేటలో నేనొక్కడినే. హెబ్రోను ప్రార్థనలో, అబద్ధాలాడేవాళ్ళని క్షమించమని దేవుణ్ణి ఎందుకు అంతసేపు అడిగాడో ఇప్పుడు తెలిసింది.

జాబులకి జవాబెందుకు రాయించలేదు అన్నాను. "నాకు రాయను రాదు. ఆయప్ప చేత రాయిస్తే ఆయప్ప మాటలు అయిపోతాయి. అది ఎదురుగా ఉంటే నా మాటలు నేను మాట్లాడతా" అన్నారు.

మరి రమ్మననా అన్నాను. తిన్నగా రమ్మను అంటారనుకున్నాను. నీ తల్లి కదా, అంత సులువుగా అంటుందా? లేచి, కొంగు దులుపుకుని, లోపలికి పోతూ, "నెల్లూరు బస్సు ఇప్పుడు తొమ్మిదిన్నరకే వచ్చేస్తా ఉండాది. ముందర మాదిరి పదకొండు కాదు. తెలవకపోతే ఎవురైనా ఎండలో నిలబడతారు. చెప్పు దానికి" అన్నారు.

అది రమ్మనడమేనని నేను అనుకుంటున్నాను. నా తెలివి మీద నీకు నమ్మకం లేకపోతే పోలేరమ్మ అక్కని అడుగు.

నీ అసలు కామాక్షయ్య


తూములపేట,
3 అక్టోబరు 1960.

ఏమండీ,

దసరా సెలవులకి వచ్చిన దాన్ని, క్యాంపు ముగించుకుని అల్లూరు చేరిన మీకు ఒక్క కార్డు కూడా రాయలేదని కోపంగా ఉంటారు. ఇక్కడ ఊపిరి తీసుకోవడానికి కూడా తీరిక లేదు. పొద్దున లేస్తే నూనె రాయడం, తల రుద్దడం, తినడం, పడుకోవడం. మధ్యమధ్యలో ఊరివాళ్ళంతా వచ్చి, గాలాయన పెళ్ళాం నువ్వేనా అని నన్ను చూసిపోతున్నారు. నేనిక్కడే పుట్టాను, ఇక్కడే పెరిగాను, అయినా ఇప్పుడు మీ పేరు మీదే చెలామణి అవుతున్నాను.

బస్సు తొమ్మిదిన్నరకి రాలేదు. పదకొండుకే వచ్చింది. అమ్మ తొమ్మిది నుంచీ ఎండలో స్టాండు దగ్గర నిలబడి ఉంది. నేను దిగగానే నా మొహం చూడలేదు, పొట్ట చూసింది. "ఎండగా ఉండాది, పద" అంది. ఇంటిదాకా అంతే. గుమ్మం లోపలికి వచ్చి తలుపు వేశాక మాత్రం ఏడ్చింది. నేనూ ఏడ్చాను. తర్వాత నాలుగేళ్ళ తిట్లు వరసగా, ఒక్కటీ మర్చిపోకుండా తిట్టింది. అవి అయ్యేసరికి సాయంత్రమైంది. నాకు అంత హాయిగా ఎప్పుడూ లేదు.

మీ మీద కూడా అభిప్రాయం చెప్పింది. "అబద్ధం చెప్పడం రాదు, బేరం చెయ్యడం రాదు, పులి మేక అసలే రాదు. మంచోడే." అలమరలో సీసా ఖాళీగా ఉంది, మీరు వచ్చేటప్పుడు రొయ్యపొట్టు తెమ్మంది. మెంతులు తనే వేయిస్తుందట.

ఈ రోజు పొద్దున నా ప్రయాణం. బడి తెరుస్తారు కదా, అల్లూరు పోయి, ఏడో నెలకి సెలవు పెట్టి వద్దామని అనుకున్నాం. సంచీ సర్దింది, దారికి పులిహోర కట్టింది. హెబ్రోను గారు కూడా అప్పుడే బయలుదేరుతూ, గోడ ఎక్కాలా వద్దా అని అరుగు మీద తటపటాయిస్తున్నారు. నేను చెప్పులు వేసుకుని గుమ్మం దగ్గర కాస్త ఆలస్యం చేశాను. మీకెందుకు దాచాలి, ఆమె అడుగుతుందని ఎదురుచూశాను. ఊళ్ళో అందరినీ అడిగే మనిషి కదా.

అమ్మ అడగలేదు. తలుపు పట్టుకుని, నా మొహంలోకి తిన్నగా చూసి, "దూరమా?" అంది.

దగ్గరేమ్మా అన్నాను. నవ్వింది. మళ్ళీ వస్తానని నమ్మింది కాబట్టే అడగలేదు, అది నాకు అర్థమైంది. వీధి మలుపుదాకా పోయాను. బస్సు హారను కూడా వినిపించింది. అక్కడ ఏమైందో తెలియదండీ, వెనక్కి తిరిగి వచ్చేశాను. అమ్మ ఇంకా తలుపు దగ్గరే ఉంది. అరుగు మీద నేను గీసిన వంకర గీత పక్కన కూర్చుని, అమ్మా, మంచినీళ్ళు ఇయ్యి అన్నాను.

"నేనేం అడగలేదే" అంది.

అడగలేదు, అయినా ఇయ్యి అన్నాను. చెంబు తెచ్చింది. నేను నెమ్మదిగా తాగాను. బస్సు పోయింది. హెబ్రోను గారు బస్సు పోయిన వైపు చూసి, సంచీ దించి, గళ్ళ మీద మేకలు పేర్చారు.

సెలవు చీటీ ఈ ఉత్తరంతో పెట్టాను, హెడ్మాస్టరు గారికి ఇవ్వండి. బస్సు తప్పిందని చెప్పండి, అది నిజమే.

శేషు